వేట లేకుండా వచ్చిన బావ

మా బావ పోయాడని మేనల్లుడు హైదరాబాదు నుంచి ఫోన్ చేసినప్పుడు నేను నవ్వాను.

"పోరా, మీ నాయిన నేర్పిండా ఈ నాటకం?" అన్నాను.

ముందు రోజే నేను గొంతు మార్చి బావకు ఫోన్ చేశాను. "సార్, మీ కారు మా బర్రెను గుద్దింది, పంచాయితీకి రావాలె" అని చాలాసేపు ఏడిపించాను. దానికి బదులు తీర్చుకుంటున్నాడనుకున్నాను. మేనల్లుడు మాత్రం, "నిజమే మామా. నిద్రలనే పోయిండు. అమ్మ నీకే ముందు చెప్పమన్నది" అన్నాడు.

అప్పుడు నేను పర్ణశాల దారిలో ఒక పెళ్లికి టెంట్ కట్టిస్తూ నిచ్చెన మీద ఉన్నాను. దిగి వచ్చి పెళ్లికొడుకు కోసం తెచ్చిన ఎర్ర కుర్చీలో కూర్చున్నాను. పెళ్లివాళ్లు వింతగా చూశారు. ఆ కుర్చీలో కూర్చునే హక్కు నాకు ఎలా వచ్చిందో మీకు చెప్పాలి. అది చెబితే మా బావ ఎలాంటివాడో సగం చెప్పినట్టే.

పేపర్లలో మీరు చూసే ఉంటారు. మాజీ అడ్వకేట్ జనరల్ కన్నుమూశారని, నల్ల గౌనులో ఉన్న ఫోటో వేశారు. అడ్వకేట్ జనరల్ అంటే నాకూ బావ చెబితేనే తెలిసింది. సర్కారు మీద ఎవరైనా కేసు వేస్తే, సర్కారు తరఫున హైకోర్టులో లేచి నిలబడే పెద్ద వకీలు. ఆయన వాదించిన కేసుల గురించి చదువుకున్నవాళ్లు రాస్తారు. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాడిని. భద్రాచలం అవతల మా ఊళ్లో టెంట్ హౌస్ నడుపుతాను. అది కూడా పక్క పనే. నా అసలు పని మనుషులను ఆట పట్టించడం. అక్క మొగుడు దొరికాక ఆ పనికి లైసెన్సు కూడా వచ్చింది.

బావ కొత్తగూడెంలో బొగ్గు గని కార్మికుడి కొడుకు. కంపెనీ క్వార్టర్లలో పెరిగాడు. వకీలు చదువు అయ్యాక అక్కడి కోర్టులోనే మొదలుపెట్టాడు. అక్కను చేసుకునే నాటికి ఆయన దగ్గర ఒక నల్ల కోటు ఉండేది, కేసులు మాత్రం పెద్దగా లేవు. పెళ్లయ్యాక మొదటిసారి మా ఊరు వచ్చినప్పుడు ఆ కోటును చిలక్కొయ్యకు తగిలించి స్నానానికి వెళ్లాడు. నేను దాన్ని తీసుకెళ్లి మా మిరప చేలో దిష్టిబొమ్మకు తొడిగాను.

అక్క నన్ను చీపురు పట్టుకుని తరిమింది. బావ తువ్వాలు భుజాన వేసుకుని నెమ్మదిగా చేలోకి వచ్చాడు. దిష్టిబొమ్మను ఎగాదిగా చూసి, చేతులు కట్టుకుని నిలబడి, కొత్తగూడెంలో మర్నాడు తాను వాదించాల్సిన కేసు మొత్తం దానికి చెప్పాడు. గట్టు మీద మా అమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. అంతా అయ్యాక కోటు విప్పి, దుమ్ము దులిపి, నాతో అన్నాడు:

"బామ్మర్దీ, ఇంత ఓపికగ విన్న జడ్జి నాకు ఇప్పటిదాక దొరకలే."

ఆ దిష్టిబొమ్మ ఉద్యోగం తర్వాత నాకు వచ్చింది.

అప్పటి నుంచి బావ ఊరికి వచ్చినప్పుడల్లా, చేతిలో పెద్ద కేసు ఉంటే, నన్ను జడ్జిగా కూర్చోబెట్టేవాడు. నాకు టెంట్ హౌస్ వచ్చాక పెళ్లి కుర్చీయే జడ్జి కుర్చీ అయింది. లుంగీ మీద, కాలు మీద కాలేసుకుని కూర్చునేవాడిని. ఆయన ఎదురుగా నిలబడి "మిలార్డ్" అనేవాడు. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు ఎప్పుడూ చెప్పలేదు. ఒక మనిషి, ఒక పొలం, ఒక ఆఫీసు, అంతే. ముందు అవతలివాళ్ల వాదన చెప్పేవాడు, వాళ్ల వకీలు కూడా అంత బాగా చెప్పడేమో అనిపించేలా. ఆ తర్వాతే తన వాదన.

"ముందు అవతలోళ్ల మాట ఎందుకు బావా?" అని ఒకసారి అడిగాను.

"వాళ్ల మాట నా నోట్లె మంచిగ పలికిందనుకో, నా మాట ఎక్కడ తేలిపోతదో తెలుస్తది."

నేను ఆవలిస్తే ఆగి, ఆ ముక్క మళ్లీ చెప్పేవాడు. నేను కావాలని ఆవలించేవాడిని. "లంచం లేనిది ఈ కోర్టు నడవదు. ఇయ్యాల మటన్ ఉండాలె" అనేవాడిని. వంటింట్లో నుంచి అక్క అరిచేది: "జడ్జి గారూ, ముందుగాల లేసి ఉల్లిగడ్డలు కొయ్యుండ్రి!"

కొత్తగూడెం నుంచి హైదరాబాదు హైకోర్టుకు వెళ్లాడు. కొన్నాళ్లు సర్కారు వకీళ్లలో ఒకడిగా చేశాడు. మళ్లీ సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్నాడు. జుట్టు తెల్లబడ్డాక ఒకరోజు ఫోన్ చేశాడు.

"మిలార్డ్, నాకు ప్రమోషన్ వచ్చింది. అడ్వకేట్ జనరల్‌ను చేసిండ్రు."

"మరి నాకు?"

"నీ కుర్చీకి కొత్త గుడ్డ ఏపిస్త."

నిజంగానే ఎర్ర మఖమల్ గుడ్డ పంపాడు. ఆ కుర్చీలో కూర్చుని ఇప్పుడు ఎంతోమంది పెళ్లికొడుకులు ఫోటోలు దిగుతున్నారు. దాని మీద గుడ్డ ఎవరు కొన్నారో వాళ్లకు తెలియదు.

అంత పెద్ద పదవి వచ్చినా ఆయన అలవాట్లు మారలేదు. చాయ్ సాసర్లో పోసుకుని శబ్దం చేస్తూ తాగేవాడు. ఊరికి వస్తుంటే తల్లాడలో కారు ఆపించి, రోడ్డు పక్కన నిలబడి చాయ్ తాగి, అక్కడి నుంచే నాకు ఫోన్ చేసేవాడు: "తల్లాడల ఉన్న. చేపలకు ఉప్పు పట్టియ్యి." ఇంటికి చేరాక చెప్పులు విప్పి, రెండూ ఒకే వరసలో గోడకు ఆనించి పెట్టేవాడు. నేను ఒక చెప్పు తీసి దాచేవాడిని. ఆయన అడిగేవాడు కాదు. ఒక్క చెప్పుతోనే వాకిట్లో తిరిగేవాడు, నాకే సిగ్గేసి తెచ్చిచ్చేదాకా.

సర్కారు గురించి ఒక మాట అనేవాడు. "నా క్లయింటుకు చేతులు పొడుగు, యాది పొట్టి. ఆయనకు యాది చేసుడే నా డ్యూటీ." ఆ మాట నాకు అప్పట్లో నవ్వులాటగానే వినిపించింది.

మా పెద్ద పిల్ల ప్రధానం, అంటే నిశ్చితార్థం, వానలు మొదలయ్యే ముందు పెట్టుకున్నాం. పాస్టరుగారికి కుదిరిన రోజు అదే. అవి మా చుట్టుపక్కల కోయ గూడేలన్నింటిలో భూమి పండుగ జరిగే రోజులు. మా ఊరికి కొంచెం ముందు, రోడ్డు పక్కనే ఒక గుంపు ఉంది. చిన్న గూడేన్ని ఇక్కడ గుంపు అంటాం. విత్తనం నేలలో పడకముందు మగవాళ్లంతా వేటకని అడవిలోకి పోతారు. ఈ కాలంలో వేట పేరుకే, కానీ పోవడం మాత్రం తప్పదు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా కర్ర పట్టి, వచ్చేపోయే బండ్లను ఆపి, పాటలు పాడి చిల్లర అడుగుతారు. వేట దొరక్కుండా ఒట్టి చేతులతో తిరిగొచ్చిన మగాడికి మాత్రం బురద స్నానమే.

ఇంత మంచి అవకాశం నేను వదులుతానా? ముందే ఆ గుంపులో ముత్తమ్మ దగ్గరికి వెళ్లాను. కర్ర పట్టేవాళ్లలో ఆమెదే పెద్ద గొంతు.

"రేపు తెల్ల కారుల తెల్లంగి ఏసుకొని మా బావ వస్తడు. వేట లేకుండ వస్తడు. జర చూసుకో" అన్నాను.

"సర్కారు కారా?" అంది ముత్తమ్మ అనుమానంగా.

"కారు సర్కారుది. మనిషి మనోడు."

మర్నాడు, అంటే ప్రధానానికి ముందు రోజు, మధ్యాహ్నం కర్ర దగ్గర కారు ఆగింది. నేను సైకిల్ షాపు వెనక నక్కి చూస్తున్నాను. డ్రైవరు కంగారుపడ్డాడు. బావ తలుపు తీసుకుని దిగాడు. ఆడవాళ్లు చుట్టూ మూగారు.

"ఏందన్నా, గింత దూరం నుంచి వస్తున్నవ్. వేటేది?" అంది ముత్తమ్మ.

"నేను వేటకు పోలే తల్లీ. కోర్టుకు పోయిన."

"కోర్టుల ఏం దొరికింది మరి?"

"వాయిదాలు."

"వాయిదాలు కూర ఒండుకుంటరా?"

అందరూ పక్కున నవ్వారు. ఆ నవ్వులోనే కుండెడు ఎర్ర బురద బావ చాతీ మీద పడింది. కారులో నుంచి అక్క కేక: "అయ్యో, నిన్న కొన్న అంగి! ఇది ఎవని పనో నాకు తెల్సు! ఆడెక్కడ దాక్కున్నడో చూడుండ్రి!"

బావ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కోపం లేదు. వాళ్లు అడిగిన చిల్లర ఇచ్చాడు. ఇచ్చి, గుంపు వైపు చూసి అడిగాడు: "మీ మగోళ్లు ఒక్కలు కూడ కనబడరేందమ్మా?"

"అందరు అడవిలనే. వేట లేనిది ఒక్కడన్న వస్తే వాడికి గూడ గిదే గతి" అంది ముత్తమ్మ, ఖాళీ కుండ చూపిస్తూ.

ఆ మరక పోలేదు. అక్క ఎన్ని ఉతుకులు ఉతికినా చాతీ మీద లేత ఎరుపు మిగిలింది. బావ ఆ అంగీని పారేయనివ్వలేదు. ఇంట్లో ఉన్నప్పుడు అదే వేసుకునేవాడు.

అది వేసుకునే క్రిస్మస్‌కు మా ఊరు వచ్చాడు. భోజనాలయ్యాక కుర్చీ తెప్పించాడు. నేను మఖమల్ మీద కూర్చున్నాను. ముందు అవతలివాళ్ల మాట చెప్పాడు. అడవిలో ఒక ఊరు. తాతల నుంచి దున్నుకుంటున్నారు. ఒక శాఖవాళ్లు మొక్కలు పెంచాలి, ఇళ్లూ పొలాలూ ఖాళీ చేసి పొమ్మన్నారు. మమ్మల్ని ఎవరూ అడగలేదని ఊరివాళ్లు కోర్టుకు వచ్చారు. తర్వాత గొంతు సవరించుకుని సర్కారు మాట ఎత్తుకున్నాడు.

"అడగలేదనడం నిజం కాదు మిలార్డ్. ఫలానా తారీఖున గ్రామసభ పెట్టారు. ఊళ్లోని మగవాళ్లంతా వచ్చారు, విన్నారు, ఒప్పుకున్నారు, వేలిముద్రలు వేశారు."

ఆ తారీఖు వినగానే నేను చెయ్యెత్తాను. "ఏ రోజన్నవ్ బావా?"

మళ్లీ చెప్పాడు.

"అది మా పిల్ల ప్రధానానికి ముందు రోజు."

"అయితే?"

"ఆ రోజు నీ అంగి ఏమైంది?"

నేను వేళాకోళంగానే అన్నాను. బావ కిందికి, తన చాతీ వైపు చూసుకున్నాడు. చుట్టి పెట్టిన టెంట్ గుడ్డల మీద మెల్లగా కూర్చున్నాడు. వంటింట్లో అక్క గిన్నెల చప్పుడు కూడా ఆగింది.

"ఏ ఊరో నేను చెప్పలే" అన్నాడు చివరికి.

"నువ్వు చెప్పలే, నేను అడగలే. కాని ఆ రోజు ఈ అడవిల ఏ గుంపుల మగోడు ఉన్నడు బావా, వేలిముద్ర ఏయడానికి?"

ఆ మాట అంటుంటేనే నాకూ అర్థమైంది. ముత్తమ్మ వాళ్లకు కోర్టు కేసు ఉందని ఊరంతా ఎరుగుదుం. ఖాళీ చేయాల్సింది వాళ్ల గుంపే. సర్కారు గెలిస్తే వచ్చే పండుగకు అక్కడ కర్ర పట్టడానికి ఎవరూ ఉండరు. గెలిపించాల్సింది మా బావ.

"ఈ ముచ్చట ఇంక నాతోని మాట్లాడకు. వాళ్లతోని గూడ మాట్లాడకు" అన్నాడు.

"వాళ్ల ఇండ్లు పోతయ్ బావా."

"తెల్సు" అన్నాడు. ఆ రోజు చాయ్ సాసర్లో పోసుకోలేదు.

తర్వాత జరిగింది అక్క చెబితే తెలిసింది. బావ తిరిగి వెళ్లగానే పైవాళ్లకు చెప్పాడట, ఆ రోజు ఆ దారిలో నేనే ఉన్నాను, అక్కడ మగవాళ్లు లేరు, ఈ ఉత్తర్వు వెనక్కి తీసుకోండి అని. ఫోన్లు వచ్చాయి. మనుషులు ఇంటికి వచ్చారు. కేసు పిలిచే రోజు మీరు సెలవు పెట్టండి, వేరేవాళ్లు వాదిస్తారు అన్నారట. బావ వాళ్లకు చాయ్ ఇప్పించి, "సెలవు పెట్టుకోవచ్చు. కండ్లకు సెలవు ఎట్ల పెట్టాలె?" అన్నాడట. వాళ్లు వెళ్లాక అక్క ఆ సర్కారు క్వార్టర్‌లో అటక మీది పెట్టెలు దించి సామాను సర్దడం మొదలుపెట్టిందట. "ఎందుకు?" అని అడిగితే, "ఉండమంటే మళ్ల విప్పుకుంట" అందట. మా అక్క అలాంటిది.

కేసు పిలిచే రోజున నేను కొత్తగూడెం వెళ్లి, అక్కడి నుంచి బస్సెక్కి హైదరాబాదు చేరాను. నిజం కోర్టులో బావను చూడటం అదే మొదటిసారి. జడ్జిగారికి ముందు వెండి కర్ర పట్టుకుని ఒక బంట్రోతు వచ్చాడు. అందరూ లేచి నిలబడ్డారు. నాకూ ఒక బంట్రోతు ఉండాల్సింది అనుకున్నాను. ఆ తర్వాత నవ్వు రాలేదు. వెనక బెంచీలో ముత్తమ్మ, ఆమె మొగుడు, గుంపు పెద్ద బిగుసుకుపోయి కూర్చున్నారు. సర్కారు తరఫున లేచిన మనిషిని ముత్తమ్మ గుర్తుపట్టింది. ఆమె చెయ్యి నోటి మీదికి వెళ్లింది. తాము బురద పోసిన మనిషే తమ మీద వాదించబోతున్నాడని భయపడింది.

బావ ఇంగ్లీషులో మాట్లాడాడు. కొద్దిసేపే. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యలో జడ్జిగారు ఏదో అడిగారు, బావ ఏదో చెప్పాడు, కోర్టంతా నవ్వింది. గుంపువాళ్ల కుర్ర వకీలు బయటికి వచ్చాక మాకు చెప్పాడు. సభ జరిగిందన్న రోజు తానే అక్కడ ఉన్నానని, అందుకే ఈ కేసు వాదించలేనని, చివరికి తన సలహాకు ఒప్పుకుని సర్కారు ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకుంటోందని బావ చెప్పాడట. ఊరివాళ్లను మళ్లీ, వాళ్లు ఊళ్లో ఉన్నప్పుడు, అడుగుతారట.

"మరి నవ్విండ్రు ఎందుకు?" అన్నాను.

"మీరు అక్కడ ఏం చేస్తున్నారని జడ్జిగారు అడిగారు. 'వేట లేకుండా వచ్చినందుకు శిక్ష అనుభవిస్తున్నాను' అన్నారు సార్."

ముత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత గోడకు ఆనుకుని ఏడ్చింది.

కొన్నాళ్లకు ఒక సీసాలో అడవి తేనె తీసుకుని మా ఇంటికి వచ్చింది, బావకు ఇమ్మని. ఫోన్ చేస్తే, "వద్దు. కేసు వాళ్ల వకీలు గెలిచిండు. నేను నాకు తెల్సింది చెప్పిన" అన్నాడు. ముత్తమ్మ ఫోన్ లాక్కుంది.

"తేనె ఒద్దంటే పండుగకు రాయే అన్నా!"

"వస్త తల్లీ. వేట లేకుండనే వస్త."

అన్నట్టే వచ్చాడు. ఆ ఏడాదే కాదు, ప్రతి ఏడాదీ. ఆ మరక అంగీ వేసుకుని, కర్ర దగ్గర దిగి, వాయిదాలు దొరికాయని చెప్పి, బురద పోయించుకుని, చిల్లర ఇచ్చి మా ఇంటికి వచ్చేవాడు. కోర్టు కేసు అయిన కొన్ని నెలలకే అడ్వకేట్ జనరల్ పదవిలోకి వేరే ఆయన వచ్చాడు. దీనివల్లేనా అని అడిగాను. "తెల్వదు. తెల్వనిది నేను కోర్టులనే చెప్పలే, నీకు చెప్తనా?" అన్నాడు. మళ్లీ మామూలు వకీలుగా ఫైళ్లు మోసుకున్నాడు. తెల్వదన్నప్పుడు ఆయన ముఖంలో చూశాను, బాధ ఏమన్నా దాచాడేమోనని. చాయ్ సాసర్లో పోసుకుంటున్నాడు.

నేను జీవితంలో ఎన్నో తుంటరి పనులు చేశాను. ఎందుకు చేశావురా అని అడిగినవాళ్లే తప్ప, మేలు జరిగిందన్నవాళ్లు లేరు. ఒక్క బావ మాత్రం, పండుగ బురద కడుక్కుంటూ, "బామ్మర్దీ, నువ్వు ఆ దినం గిది చేయకపోతే నేను నిమ్మళంగ గెలుస్తుంటి" అనేవాడు. నన్ను మెచ్చుకున్నాడో తిట్టాడో నాకు ఇప్పటికీ తేలలేదు. కానీ ఆ మాటకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను.

ఆయనను మా ఊళ్లోనే, మా అమ్మానాన్నల పక్కన సమాధి చేయాలని అక్క చెప్పింది. టెంట్ నేనే వేశాను. హైదరాబాదు నుంచి బండి వస్తుంటే నేను భద్రాచలం బ్రిడ్జి దగ్గరే ఎక్కాను. తల్లాడలో ఆగారా అని మేనల్లుణ్ణి అడిగాను. ఆగారట. అక్క ఒక చాయ్ తెప్పించి, తాగకుండా చేతిలో పట్టుకుని కూర్చుందట.

గుంపు దగ్గరికి రాగానే డ్రైవరు బ్రేకు వేశాడు. రోడ్డుకు అడ్డంగా కర్ర ఉంది. అది పండుగ కాలం కాదు. మగవాళ్లందరూ ఊళ్లోనే ఉన్నారు, తువ్వాళ్లు తలల నుంచి తీసి పక్కన నిలబడ్డారు. ఆడవాళ్లు పాట పాడలేదు. మేనల్లుడు బండి తలుపులు తెరిచి, పెట్టె గాజు మూత తీశాడు. లోపల బావ కొత్త తెల్లంగిలో ఉన్నాడు.

ముత్తమ్మ దగ్గరికి వచ్చింది. ఆమె జుట్టు కూడా నెరిసింది.

"మల్ల వేట లేకుండనే వచ్చినవా అన్నా" అంది.

ఆమె వేళ్లకు తడి ఎర్ర మట్టి ఉంది. చెయ్యి చాపి, ఆగి, అక్క వైపు చూసింది. కొత్త అంగి పాడైందని ఒకప్పుడు కారులో నుంచి కేకలేసిన మా అక్క, బావ చాతీ మీద చొక్కా ముడతను అరచేత్తో సాఫు చేసి, పక్కకు జరిగింది.

"పెట్టు ముత్తమ్మా" అంది.

చిల్లర ఎవరూ అడగలేదు. కర్ర లేచింది. బండి కదిలింది. నేను వెనక్కి తిరిగి చూశాను. ముత్తమ్మ ఆ కర్రను దించకుండా, నిలువుగా, రెండు చేతులతో పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడి ఉంది, వెండి కర్ర పట్టుకున్న ఆ కోర్టు బంట్రోతులాగా.